రాజలింగంగారి వెనక గేటు

తార్నాక,
12-6-1969

పూజ్యులైన బాబాయిగారికి విజయ నమస్కారాలు.

క్షేమసమాచారాలు చివర్లో అడుగుతాను. ముందు నా కోపం వినండి. రాస్తుంటే పాళీ కాగితంలో దిగబడిపోతోంది.

నిన్న పొద్దున నా ఫియట్ గోతిలో పడింది. ముందు చక్రం మొత్తం దిగిపోయి బండి ముక్కు నేలకి ఆనింది. ఇంజను కింద ఆయిలంతా నేలపాలు. మెకానిక్ వచ్చి బండి కిందికి దూరి, చాలాసేపు టార్చి వేసి చూసి, బయటికొచ్చి నా మొహం చూసి తల గోక్కున్నాడు. అంతకన్నా నోటితో చెప్పేస్తే నయం అనిపించింది. చెప్పాక ఆ మాటా వెనక్కి తీసుకున్నాను.

పడింది రోడ్డు మీద కాదు. మన పక్కింటి రాజలింగంగారి కాంపౌండులో. మీరు గుంటూరు వెళ్లిపోయాక ఇక్కడ ప్రత్యేక రాష్ట్రం గొడవలు ఇంకా ముదిరాయి. క్యాంపస్ రోడ్డుకి కాలేజీ పిల్లలు రాళ్లూ చెట్ల కొమ్మలూ అడ్డం వేసేశారు. రాజలింగంగారు తన ముందు గేటూ వెనక గేటూ తీసిపెడుతున్నారు కాబట్టి, ఈ వీధివాళ్లమంతా ఆ కాంపౌండు అడ్డంపడి క్యాంపస్‌కి పోతున్నాం. మొన్న రాత్రి కురిసిన తొలకరికి అక్కడంతా నీళ్లు నిలిచాయి. నీళ్ల కింద గొయ్యి ఉందని నాకెవరు చెప్పాలి?

వెళ్లి అడిగాను. ఆయన వరండాలో మంచం మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నారు. ఈ గొయ్యి ఎవరు తవ్వారని అడిగాను. మామూలుగా అడగలేదనుకోండి, మా కార్లు చూస్తే మీవాళ్లకి కడుపుమంట అని కూడా అన్నాను. ఆయన చుట్ట తీసి ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నా జాగల నేను గుంత తవ్వుకుంట, గుట్ట పోసుకుంట. నీకేంది? మీ దిక్కు రోడ్లు మంచిగుంటయంట గద, గాడికి పోయి నడుపుకో."

బాబాయ్, ఈ కారు నాకు ఎవరూ ఇచ్చింది కాదు. కాలేజీలో పాఠాలు చెప్పి, చీరలు మానుకుని, రిటైరై వెళ్లిపోతున్న ప్రొఫెసరుగారి దగ్గర కొనుక్కున్నాను. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరు ఆపుతారో తెలియని ఈ రోజుల్లో, ఎవరి తోడూ అడగకుండా నా పని మీద నేను వెళ్లగలుగుతున్నానంటే దానివల్లే. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. ఆయన చేత నష్టపరిహారం కక్కించాలి. నోటీసు ఎలా రాయాలో మీరు రాసి పంపండి. మెత్తగా రాయకండి.

పిన్ని మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ ముద్దుల కూతురు శ్రీలలిత మొన్న లాలాపేట్ నుంచి వచ్చి వెళ్లింది. కాపురం బాగానే ఉంది, అత్తగారి మీద చెప్పేవి మాత్రం నవ్వుతూ చెబుతోంది.

మీ విజయ

*

గుంటూరు,
18-6-1969

చి॥ విజయకి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పైకి చదివి మీ పిన్నికి వినిపించాను. చాలా రోజులకి ఒంట్లో రక్తం కదిలిందమ్మా. ఇక్కడ ఎండకి ప్లీడర్లూ లేరు, కేసులు తెచ్చే పార్టీలూ లేరు. హైకోర్టులో నల్లకోటు వేసుకుని తిరిగినవాణ్ణి, అరుగు మీద కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుకుంటున్నాను. మీ పిన్నికి ఇక్కడి నీళ్లతో పప్పు ఉడకడం లేదట. పొద్దస్తమానం తార్నాక కుళాయిని తలుచుకుని తిడుతోంది, నన్నో కుళాయినో తెలియడం లేదు.

నోటీసు దీనితో పంపుతున్నాను. శుభ్రంగా టైపు చేయించి రిజిస్టర్డు పోస్టులో పడెయ్యి. మన వాదన ఇది. గేటు తీసి జనాన్ని రానిచ్చినవాడు, లోపల గొయ్యి ఉంటే పూడ్చాలి, లేదా ఇక్కడ గొయ్యి ఉందని ఒక కొమ్మైనా పాతాలి. రెండూ చెయ్యలేదు. పైగా నా జాగాలో నేను తవ్వుకుంటానని నీ మొహం మీదే అన్నాడు. అంతకంటే ఒప్పుకోలు ఇంకేం కావాలి? ఫోటో తీయించు. మెకానిక్ చేత ఏవేవి విరిగాయో రాయించు. గొయ్యి సరిగ్గా ఎక్కడుందో నాకు రాయి.

ఇంకో సంగతి. సివిల్ దావా అంటే నీ జుట్టు నెరిసేదాకా సాగుతుంది. రాజలింగం రెండోవాడు దివాకర్ ఉద్యమంలో తిరుగుతున్నాడు కదా. మన కార్లు ఆపడానికి ఆ కుర్రాళ్లే కావాలని తవ్వారని పోలీసులకి ఒక కాగితం ఇస్తే, పెద్దాయన తనంతట తానే దారికొస్తాడు. ఆలోచించు.

నా గోడ మీద బొగ్గుతో వెళ్లిపొమ్మని రాసినప్పుడు నేనేమీ అనలేదు. నోరు మూసుకుని సామాను సర్దుకున్నాను. వాళ్లలో ఒక్కడు కోర్టు మెట్లెక్కితే చాలు, నా కడుపు చల్లబడుతుంది.

నీ బాబాయి
అచ్యుతరామయ్య

*

తార్నాక,
24-6-1969

పూజ్యులైన బాబాయిగారికి,

నోటీసు తిరిగి వచ్చేసింది. ఇంగ్లీషు కాగితం ఇంట్లకి రానియ్యనని రాజలింగంగారు పోస్టుమాన్‌ని వాకిట్లోంచే పంపించేశారట. పోస్టుమాన్ అది నా చేతికిస్తూ, సుఖంగా ఉండక మీకెందుకమ్మా ఇదంతా అన్నాడు. వీధిలో అందరూ నాకు సలహా చెప్పేవాళ్లే.

మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. గొయ్యి వెనక గేటు దాటి లోపలికి రాగానే కుడివైపు ఉంది. ప్రహరీకి వారగా, నేరేడు చెట్టు దాటాక. గుండ్రంగా లేదు, పొడుగ్గా చిన్న కాలవలా ఉంది. కారు ఆపడానికి తవ్వినవాళ్లు అలాగే తవ్వుతారు కదా. మొదటి వానకే మట్టి జారిపోయిందంటే తవ్వి ఎన్నాళ్లో కాలేదన్నమాట.

దివాకర్ సంగతి మీరు రాశాక ఒకటి గుర్తొచ్చింది. కారు పడ్డ మర్నాడు సాయంత్రం అతను గడ్డపార పట్టుకుని ఆ గోతి పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తడబడ్డాడు. దాన్ని ముట్టుకున్నావంటే మర్యాద దక్కదని కేకలేశాను. తలవంచుకుని వెళ్లిపోయాడు. తప్పు చెయ్యనివాడు తలెందుకు వంచుతాడు?

మీకు తెలుసుగా, అతను నా దగ్గరే ఎమ్మెస్సీ బాటనీ చదివాడు. చెయ్యి మంచిది. కాండం అడ్డకోత కోసి గాజుపలక మీద పెడితే చూడముచ్చటగా ఉండేది. కరీంనగర్ వైపు కాలేజీలో ఉద్యోగం వచ్చింది, జులై పదిహేనులోగా చేరాలట. ఊళ్లో అందరికీ లడ్డూలు పంచారు. నాకూ పంపారు. ఆ లడ్డూ తిన్నందుకు ఇప్పుడు ఒళ్లు మండుతోంది. గోతులు తవ్వేవాడు పిల్లలకి ఏం చెబుతాడు?

గురువారం స్టేషనుకి వెళ్తున్నాను. మీరు చెప్పినట్టే రాసిస్తాను.

మీ విజయ

*

గుంటూరు,
30-6-1969

చి॥ విజయకి,

నీ ఉత్తరం ఇవాళే అందింది. రైళ్లు ఎప్పుడు నడుస్తున్నాయో ఎప్పుడు ఆగుతున్నాయో తెలియకుండా ఉంది. ఇది నీకు ఎప్పుడు చేరుతుందో ఏమో.

అమ్మాయ్, ఈ వ్యవహారం ఇంతటితో వదిలెయ్యి. పోలీసుల దగ్గరికి వెళ్లకు. ఆలోచించి చూస్తే మన వాదన అంత గట్టిది కాదు. ఆ వెనక గేటు దగ్గర నేల ఎప్పుడూ మెత్తనే. వానకి కుంగిందేమో. ఇరుగూ పొరుగూ అన్నాక సర్దుకుపోవాలి. శ్రీలలిత పెళ్లికి వాళ్ల స్థలం ఇచ్చారు, ఒక్క పైసా పుచ్చుకోలేదు. అది మనం మర్చిపోకూడదు.

కారు బాగుచేయించడానికి అయ్యేది నేను పంపుతాను. అల్లుడి చేత ఇప్పిస్తాను. నీకు కావలసింది కారు బాగవడమే కదా.

ఇక్కడ మామిడికాయ ముక్కలు ఊరుతున్నాయి. నీకు ఒక జాడీ పంపించాలని పిన్ని అంటోంది.

బాబాయి

*

తార్నాక,
5-7-1969

బాబాయిగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. నవ్వడం అయ్యాక ఏడుపొచ్చింది.

మెత్తగా రాయకండి అంటే, పన్నెండు రోజుల్లో ఇంత మెత్తబడ్డారేమిటి? మీకేం భయం? అర్థమైంది లెండి. అల్లుడుగారి ఉద్యోగం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో. రేపు ఎవరైనా అతన్ని ఏమైనా అంటారని. లేకపోతే రాజలింగంగారే మీకు ఉత్తరం రాసి కాళ్లబేరానికి వచ్చారేమో. అలాగైతే నాకు చెప్పాల్సింది. మీ గోడ మీద బొగ్గుగీతలకి కడుపు మండుతుంది, నా కారు మాత్రం సర్దుకుపోవాలి.

మీ డబ్బు నాకక్కర్లేదు. నాకు కావలసింది కారు బాగవడం కాదు. తవ్వినవాడు తవ్వానని ఒప్పుకోవడం.

అయినా మీ సలహా ఆలస్యంగా అందింది. పోయినవారం గురువారమే ఫిర్యాదు ఇచ్చేశాను. ఆ శనివారం పొద్దున జీపు వచ్చి దివాకర్‌ని తీసుకుపోయింది. ముషీరాబాద్ జైల్లో ఉన్నాడు. కాశమ్మగారు, అదే రాజలింగంగారి భార్య, జీపు వెనకాల వీధి చివరిదాకా చెప్పుల్లేకుండా పరిగెత్తింది. నేను కిటికీలోంచి చూశాను. మనసుకి హాయిగా అనిపించింది. ఉన్నమాట రాస్తున్నాను, మీ దగ్గర దాపరికం దేనికి?

రాజలింగంగారు రెండు గేట్లకీ తాళాలు వేశారు. వీధంతా ఇప్పుడు చుట్టూ తిరిగి పోతోంది, నన్ను తిట్టుకుంటూ. తిట్టుకోనీండి.

రేపు ఆదివారం ఇన్‌స్పెక్టర్ గొయ్యి చూడ్డానికి వస్తున్నారు. పైపైన చూస్తే చాలదు, తవ్వించండి అన్నాను. గడ్డపార గాట్లు కొత్తవో పాతవో అప్పుడు తేలుతుంది. ఇక తప్పించుకోలేరు.

విజయ

*

తార్నాక,
7-7-1969

బాబాయిగారికి,

నిన్న గొయ్యి తవ్వించాం.

మొగిలి అని కూలీని పెట్టారు. వీధిలో వాళ్లంతా వచ్చి ప్రహరీ పొడుగునా నిలబడ్డారు. ముందు బురద వచ్చింది. తర్వాత కుళ్లిన పీచు వచ్చింది. వృక్షశాస్త్రం చెప్పేదాన్ని, అరటి బోదె పీచు గుర్తుపట్టలేనా? దాని కింద బూడిద. తట్టలకొద్దీ బూడిద. దాని కింద రెండు వైపులా వరసగా పేర్చిన ఇటుకలు, లోపలివైపు మసిబారి ఉన్నాయి. మధ్యలో సగం కాలిన చింత మొద్దులు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి, ఇది గాడిపొయ్యి కదండీ మేడమ్ అన్నారు. గుండిగలు వరసగా ఎక్కించడానికి పెళ్లిళ్లలో తవ్వే పొడుగాటి పొయ్యి. ప్రహరీ దగ్గర ఎవరో నవ్వారు.

ఆ కాంపౌండులో ఈ ఏడాది జరిగింది ఒక్కటే పెళ్లి, మన శ్రీలలితది. మాఘమాసంలో. నేను విడిదింటికీ మండపానికీ మధ్య కాఫీలు మోస్తూ తిరిగాను, వంటలవైపు తొంగి చూడలేదు. నాకు తెలియదు. మీకు తెలుసు. వంటవాళ్లని మాట్లాడింది మీరు. పొయ్యి ఎక్కడ తవ్వాలో చూపించింది మీరు. గొయ్యి ఎక్కడుందో నేను రాసేదాకా నోటీసు, పోలీసు అన్నారు. రాశాక నేల మెత్తన అన్నారు.

కాశమ్మగారు నా దగ్గరికి వచ్చింది. చెయ్యెత్తుతుందనుకున్నాను, ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మీ పెండ్లి పొయ్యి మా జాగల పెట్టుకొని, గా పొయ్యిల నువ్వు పడి, మా పిలగాన్ని జైల్ల పెట్టిస్తివా? మా ఆయన కోపిష్టి. నువ్వు అడిగిన తీరుకు నిజం చెప్పబుద్ధి కాలేదంట ఆయనకు. నా కొడుకు గడ్డపార పట్టింది ఎందుకో ఎరికేనా? ఇంకొకరు పడొద్దని పూడ్సనీకి పోయిండు. నువ్వే గద వద్దంటివి."



వెంటనే ఇన్‌స్పెక్టర్‌గారితో నా ఫిర్యాదు తప్పని చెప్పాను. కాగితం అప్పుడే పైకి వెళ్లిపోయిందట. "మొన్న తవ్వాడన్నారు, ఇవాళ తవ్వలేదంటున్నారు. మళ్లీ మీ మాటే పట్టుకుని పోతే మావాళ్లు నన్నేమంటారు?" అన్నారు. దివాకర్ తల్లిదండ్రుల మాట లెక్కలోకి రాదట. పెళ్లి చేసినవాళ్లు వచ్చి, ఈ పొయ్యి మేం తవ్వించాం, మేమే సరిగ్గా పూడ్చలేదు అని వాంగ్మూలం ఇస్తే అబ్బాయిని వదులుతామన్నారు.

పదిహేనో తారీకులోగా దివాకర్ ఉద్యోగంలో చేరాలి. ఈ ఉత్తరం అందిన పూటే బయల్దేరండి. కాజీపేట మీదుగా రావడానికి భయమైతే ద్రోణాచలం మీదుగా చుట్టూ తిరిగి కాచిగూడలో దిగండి. నేను స్టేషనులో ఉంటాను.

విజయ

*

గుంటూరు,
11-7-1969

చి॥ విజయకి ఆశీస్సులు.

నువ్వు రాసింది నిజమే. రెండో ఉత్తరం చూసినప్పుడే నాకు గుండె జారిపోయింది. నీతో చెప్పడానికి మొహం చెల్లలేదు.

అప్పగింతలు అయిన పూట ఆ పొయ్యి ఇంకా కణకణలాడుతోంది. నీళ్లు పోసి ఆర్పుతామంటే మీ పిన్ని ఒప్పుకోలేదు. శుభకార్యం జరిగిన నిప్పు మీద నీళ్లు పోస్తే పిల్ల కాపురానికి మంచిది కాదంది. నిప్పుల మీద మట్టి పోసి తొక్కడానికి కూలీలు ఒప్పుకోలేదు. పందిట్లో అరటి బోదెలు తెచ్చి అడ్డంగా పరిచి పైన మట్టి కప్పించాను. చల్లారాక గట్టిగా పూడ్పిస్తానని రాజలింగానికి మాటిచ్చాను. తర్వాత గోడ మీద రాతలు, సామాను సర్దుకోవడం, ఆ కంగారు నీకు తెలియనిది కాదు. బోదెలు కుళ్లి కింద గుల్ల అయిపోతుందని నాకు తట్టలేదు.

రమ్మంటున్నావు. ఎలా రాను? రైల్లో మన యాసతో నోరు విప్పితే ఎవరేం చేస్తారో తెలియదు. వచ్చి ఏం చెప్పను? నేను రాసిచ్చిన నోటీసుకి నేనే ముద్దాయినని పోలీసు స్టేషన్‌లో చెప్పమంటావా? ఇక్కడ ఇప్పుడిప్పుడే నలుగురు పార్టీలు గడప తొక్కుతున్నారు. అన్నిటికంటే ముఖ్యం శ్రీలలిత అత్తవారు. పెళ్లిపొయ్యి పోలీసుల నోళ్లలో నానిందంటే ఆ అత్తగారు పిల్లని ఊరికే వదులుతుందా?

కుర్రాణ్ణి వాళ్లే వదిలేస్తారు. ఇలాంటి కేసులు నిలబడవు, నా అనుభవం కొద్దీ చెబుతున్నాను. నువ్వు నోరు మెదపకుండా ఉండు. రాజలింగం కుటుంబానికి నేను మరో రకంగా న్యాయం చేస్తాను. కాస్త గొడవలు సద్దుమణగనీ.

మీ పిన్ని మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.

బాబాయి

*

తార్నాక,
21-7-1969

అచ్యుతరామయ్యగారికి,

కాచిగూడ స్టేషన్‌లో రెండు రోజులు ద్రోణాచలం బండి కోసం నిలబడ్డాను. మీ ఉత్తరం పదహారున అందింది. అప్పటికి పదిహేను దాటిపోయింది.

మీరు రారని తేలాక లాలాపేట్ వెళ్లాను. మీరు దేనికి భయపడ్డారో సరిగ్గా అదే చేశాను. హాల్లో శ్రీలలిత, అల్లుడుగారు, ఆయన తల్లి ముగ్గురినీ కూర్చోబెట్టి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. మీ ఉత్తరంలో ఉన్నది కూడా దాచలేదు. అత్తగారు లేచి కోడలి చెప్పులు గుమ్మంలో పెట్టి, పోయి రా, ఆలస్యం చెయ్యకు అంది. మీరు అనుకున్న మనిషి కాదు ఆవిడ.

పోలీసు స్టేషన్‌లో శ్రీలలిత వాంగ్మూలం ఇచ్చింది. ఏడవలేదు, ఎక్కడా తడబడలేదు. సంతకం చేశాక మాత్రం, ఇక నాన్నకి నువ్వు రాస్తావా నన్ను రాయమంటావా అని అడిగింది. నేనే రాస్తానన్నాను. ఆమె మీకు ఇప్పట్లో రాయదు.

పద్దెనిమిదిన దివాకర్‌ని వదిలారు. అతని ఉద్యోగంలో అప్పటికే వరసలో తర్వాతివాణ్ణి చేర్చుకున్నారు. రాజలింగంగారు కరీంనగర్ వెళ్లి కాలేజీ గుమ్మంలో పొద్దు గుంకేదాకా కూర్చుని వచ్చారట. మళ్లీ పోస్టు పడితే చూద్దామన్నారట.

జైలు గేటు దగ్గర నేనూ నిలబడ్డాను. కాశమ్మగారు నన్ను చూసి మొహం తిప్పుకుంది. అతను బయటికి వచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. తల్లి చెయ్యి పట్టుకుని నా ముందునుంచే నడుస్తూ ఒక్క క్షణం ఆగాడు. క్లాసులో సందేహం అడిగినంత మెల్లిగా అడిగాడు.

"మీ కారు మంచిగయిందా మేడమ్?"

బాబాయ్, అతను దెప్పాడో, నిజంగానే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఏది నిజమైనా నేను భరించలేను. రాత్రీ పగలూ ఆ మాటే వినిపిస్తోంది. అది నేను ఒక్కదాన్నే వినడం న్యాయం కాదు.

అందుకని మీ మీద దావా వేశాను. మీరు పూడ్చకుండా వదిలిన గోతివల్ల నా కారుకి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించమని. రాజలింగంగారి వకీలుకే వకాలతు ఇచ్చాను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత చాలా సంతోషంగా పుచ్చుకున్నారు. వచ్చేదంతా దివాకర్‌కి చెందాలని విడిగా రాసిచ్చాను. అతను తీసుకోనంటాడేమో, అది తర్వాత సంగతి. దావా నడిచినన్నాళ్లూ మీరు హైదరాబాదు రావాలి. నా జుట్టు నెరిసేదాకా సాగుతుందన్నారు కదా, సాగనివ్వండి.

తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు రాజలింగంగారు వేరే వకీలు చేత నా మీద విడిగా కేసు వేస్తున్నారు. వెయ్యమనే చెప్పాను. నేను ఎదురు వాదించను, రైలు దొరకలేదని కూడా అనను. కోర్టువారు ఎప్పుడు పిలిస్తే అప్పుడు నడిచి వెళ్తాను. కారు ఎలాగూ అమ్మేశాను.

సమన్లు మీకు ఈ వారంలో అందుతాయి. పిన్నికి ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే మా తరఫున మొదటి సాక్షి శ్రీలలిత.

విజయశ్రీ